బస్టాపులో నంబర్లు రాయించండి

సంపాదకులకు నమస్కారం.

నేను రామంతాపూర్‌లో ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుట్టి బతుకుతున్నాను. పొద్దున మిషను దగ్గర కూర్చునే ముందు మీ పేపరు తిరగేయడం అలవాటు. ఈ మధ్య ఏ రోజు చూసినా మెట్రో రెండో దశ, కరెంటు బస్సులు, ఇంకో ఫ్లైఓవరు. సంతోషం, రానివ్వండి. నాకు కావాల్సింది మాత్రం వాటిలో ఎక్కడా కనపడక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడ ఏ నంబరు బస్సులు ఆగుతాయి, అవి ఎక్కడెక్కడికి పోతాయి అని రాసున్న ఒక రేకు బోర్డు ప్రతి బస్టాపులోనూ ఉండాలి. నేనడిగేది అంతే. ఉత్తరం పొడుగైందనుకుంటే కత్తిరించుకోండి. కత్తెర పట్టుకున్నవాళ్ళ మీద నాకు కోపం రాదు.

మొన్న శ్రావణమాసం ముందు ఒక రోజు ఉప్పల్‌లో ఒకావిడకు పెళ్ళి జాకెట్లు ఇచ్చి, కోఠి బస్సు కోసం నిలబడ్డాను. జనగామ వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ అక్కడ దిగింది. ఒక చేతిలో మందుల చీటీలున్న పాలిథిన్ కవరు, ఇంకో భుజానికి ముదురు నీలం గుడ్డ సంచి. కళ్ళజోడుకు ఒక వైపు కాడ లేదు, దారం కట్టి చెవికి తగిలించుకుంది. మెహిదీపట్నం దగ్గర సరోజినీదేవి కంటి ఆసుపత్రికి పోవాలి. "బిడ్డా, సరోజినీ దవాఖానకు ఏ బస్సు పోతది?" అని వరసగా అడుగుతూ వస్తోంది.

మొదట అడిగిన అబ్బాయి మంచివాడే. చెవిలోది తీసి, ఫోన్లో చూసి, "మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి, లక్డీకాపూల్‌లో దిగి ఆటో పట్టుకో అవ్వా" అన్నాడు. తప్పు చెప్పలేదు, ఫోను అదే చెప్పి ఉంటుంది. అవ్వకు అమీర్‌పేట దాకానే అర్థమైంది. రెండో ఆయన క్యాబ్ బుక్ చేసుకోమన్నాడు. ఒకమ్మాయి తల అడ్డంగా ఊపి మళ్ళీ ఫోను చూసుకుంది. ఈ లోపల మెహిదీపట్నం పోయే 113ఎం బస్సు మా ముందే ఆగి వెళ్ళిపోయింది. ఆ దవాఖాన ఉన్న రోడ్డు మీదుగానే పోయే బస్సు అది. నేను గోల విని తిరిగి చూసేసరికి బస్సు వెనక భాగమే కనిపించింది.

"నూట పదమూడు ఎం అవ్వా, ఇంకోటి వస్తది" అని చెప్పాను. ఆమె రెండుసార్లు పైకి అనుకుంది. మూడోసారి నూట ముప్పై అయింది. నా బ్యాగులో టైలరింగ్ చాక్ ఎప్పుడూ ఉంటుంది. ఆమె నీలం సంచి మీద పెద్దగా 113ఎం అని తెల్లగా రాశాను. "బస్సు రాంగనే ఎవరికన్నా ఈ సంచి సూపెట్టు, గిదేనా అని అడుగు" అన్నాను. ఇరవై నిమిషాలకు బస్సొచ్చింది. సంచి ముందుకు పట్టుకునే ఎక్కింది. కండక్టరమ్మ ఆ సంచి చూసి నవ్వి చేయి అందించింది.

అవ్వను ఎక్కించాక నాకు కోపమొచ్చింది. మేం నిలబడ్డ షెల్టరుకు మూడు వైపులా నగల షాపు ప్రకటన. నెక్లెస్‌లో ఒక్కో రాయి అవ్వ అరచెయ్యంత ఉంది. ఆ స్టీలు రేకు మీద, ఆ లైట్ల మధ్య, 113ఎం అని రాయడానికి జానెడు జాగా దొరకలేదా? షెల్టరు ఒకళ్ళదట, బస్సు ఒకళ్ళదట, రోడ్డు మరొకళ్ళదట. నంబరు రాసే పని ఈ ముగ్గురిలో ఎవరిదో ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు.

మా దగ్గర అంబర్‌పేటలో "చే నంబర్" అనే చౌరస్తా ఉంది. తెలుగులో అడిగితే ఆరో నంబరు అంటారు. ఒకప్పుడు ఆరో నంబరు బస్సు అక్కడికి వచ్చేదని, ఆ నంబరే ఆ చోటికి పేరైందని పెద్దవాళ్ళు చెప్తారు. ఇప్పటికీ ఆటో ఎక్కినా, కొరియర్ అబ్బాయికి దారి చెప్పినా అదే పేరు. బస్సు నంబరు ఊరి పేరయ్యేంతగా ఈ నగరంలో నంబర్లు జనం నోళ్ళలో ఉండేవి. నిజాం కాలంలో 1932లో ఇక్కడ బస్సులు మొదలుపెట్టినప్పుడు ఉన్నవి 27 అట. ఇరవై ఏడు బస్సులకు బోర్డు లేకపోయినా నడుస్తుంది, మొహం చూసి గుర్తుపట్టొచ్చు. ఇప్పుడు మా అమ్మాయికే మా వీధి చివర ఆగే బస్సుల నంబర్లు తెలీవు. దానికి అవసరం లేదు కూడా. పొద్దున బైక్ ట్యాక్సీ మీద హబ్సిగూడ మెట్రో దాకా, అక్కణ్ణుంచి రాయదుర్గం, దిగాక కంపెనీ వాళ్ళ వ్యాను. ఏ రోడ్డు మీద పోయిందో కూడా చూడదు. అది పోయే దారి మొత్తం ఫోన్లోనే ఉంది.

ఫోన్ల మీద నాకు పగేం లేదు. బస్సు ఎక్కడుందో చూపించే గమ్యం యాప్ 2023లో వస్తే, మా అమ్మాయే నా ఫోన్లో వేసిచ్చింది. పనికొస్తుంది. కానీ ఒక చేతిలో లైనింగ్ గుడ్డల మూట, ఇంకో చేతిలో గొడుగు ఉన్నప్పుడు ఫోను ఏ చేత్తో తియ్యాలి? ఎండలో స్క్రీను కనపడదు. నెలాఖరుకు డేటా అయిపోతుంది. అయినా నాకు పెద్ద ఫోనుంది, తెలుగు చదవొచ్చు, అడిగితే నేర్పే పిల్ల ఇంట్లో ఉంది. ఈ మూడూ లేనివాళ్ళే బస్టాపులో ఎక్కువ.

ఇప్పుడు మరీ ఎక్కువ. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయింది కదా. అంతకుముందు కూకట్‌పల్లి ముఖం చూడనివాళ్ళు, పెళ్ళై పదేళ్ళయినా గోల్కొండ చూడనివాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. ఇప్పుడు పిల్లల్ని వెంటేసుకుని జూకు వెళ్ళొస్తున్నారు. నలుగురైదుగురు కలిసి దూరంగా ఉన్న అపార్ట్‌మెంట్లలో వంట పనికి కుదిరారు. వీళ్ళంతా బస్సుకు కొత్తవాళ్ళు. నంబర్లు తెలీవు, స్టేజీలు తెలీవు, ఎక్కడ మారాలో తెలీదు. టికెట్టు ఉచితం చేశారు, దారి మాత్రం ఎవరికి వాళ్ళే కనుక్కోమన్నట్టుంది.

ఆ సున్నా టికెట్టు గురించి ఒక మాట. ఎక్కగానే కండక్టరమ్మ "ఆధార్ చూపియ్యి అక్కా" అని చూసి, మిషన్లోంచి సున్నా రూపాయల టికెట్టు చింపి ఇస్తుంది. పైసలే లేనిదానికి కాగితం దండగ అని మొదట్లో తీసుకునేదాన్ని కాదు. "తీస్కో అక్కా, ఇది కొట్టకుంటే నా మీదికొస్తది" అంది ఒకావిడ. ఆ కాగితాల లెక్క చూసుకునే సర్కారు ఆర్టీసీకి డబ్బు కడుతుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు జాగ్రత్తగా దాచుకుంటున్నాను, వెనక వైపు కొలతలు రాసుకోవడానికి పనికొస్తుంది. చాతీ, నడుము, చేతి పొడవు అన్నీ పడతాయి.

"ఫ్రీ బస్సెక్కి ఊరేగుతున్నారు" అని వెనక నిలబడ్డ మగవాళ్ళు అంటుంటారు. నా ఊరేగింపు ఏమిటో చెప్తాను. ఇదివరకు బస్సు ఖర్చు లెక్కేసుకుని కోఠికి పదిహేను రోజులకోసారి వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడే అన్ని రంగుల లైనింగులు, ఫాల్స్, హుక్కులు, పైపింగ్ తాళ్ళు ఒక్కసారే కొని పెట్టుకోవాలి. నాలుగైదు వేలు ఎప్పుడూ అల్మారాలో గుడ్డ రూపంలో పడి ఉండేవి. ఇంత చేసినా జాకెట్టు కుట్టించుకునే ఆవిడ తెచ్చిన నెమలికంఠం రంగుకు నా దగ్గరున్న లైనింగు కలిసేది కాదు. ఇప్పుడు వారానికి రెండుసార్లు వెళ్తున్నాను. జాకెట్టు ముక్క చేతిలో పట్టుకెళ్ళి, షాపు బయట ఎండలో పెట్టి చూసి, సరిగ్గా అదే రంగు మీటరు కొనుక్కొస్తాను. షాపు లోపల ట్యూబ్‌లైటు కింద ఏ రంగైనా మోసం చేస్తుంది. అల్మారాలో ఇరుక్కున్న డబ్బుతో ఆ మధ్య పీకో మిషను కొన్నాను. ఎక్కడికి ఊరేగానో ఇక మీరే చెప్పండి.

మా ఇంట్లోనే ఇంకో పక్షం వాదన కూడా ఉంది, దాన్ని దాస్తే అన్యాయం. మా ఆయన ఇరవై ఆరేళ్ళుగా ఆటో నడుపుతున్నాడు. "నువ్వు ఫ్రీ బస్సు ఎక్కవడితివి, ఇక్కడ నా గిరాకీ పాయె" అంటాడు. అబద్ధం కాదు. మార్కెట్‌కు పోయేవాళ్ళు, గుడికి పోయేవాళ్ళు, పురిటికి వచ్చినవాళ్ళను చూడబోయేవాళ్ళు, ఆయన గిరాకీలో సగం ఆడవాళ్ళే. ఇప్పుడు పొద్దున, మధ్యాహ్నం స్కూలు పిల్లల ట్రిప్పు, మిగతా టైములో ఫోన్లో మోగే బుకింగులు. మీటరు ఉత్తి అలంకారమైపోయింది. 2014లో పెట్టిన రేటు ప్రకారం మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆ తర్వాత కిలోమీటరుకు 11. ఆ రేటుకు వేస్తే గ్యాస్ డబ్బులు పోను ఏం మిగలదని అడ్డాలో ఎవరూ వెయ్యరు, ఎక్కేవాళ్ళూ అడగరు. బేరాలు తగ్గాయి, అరుపులు తగ్గాయి. రేటు ఫోను చెప్తుంది, దారీ ఫోనే చెప్తుంది. గోల్నాక గల్లీలన్నీ కళ్ళు మూసుకుని తిరగగలిగిన మనిషికి ఆ ఫోనులో ఆడగొంతు "యూటర్న్ తీసుకోండి" అంటే ఎలా ఉంటుందో, ఆయన మొహం చూస్తే తెలుస్తుంది. అడ్డా మీద ఖాళీగా కూర్చునే ఆటోవాళ్ళను అడిగితే ఊళ్ళో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పేవాళ్ళు. ఇప్పుడు ఆ అడ్డాలు కూడా పలచబడ్డాయి, బుకింగు ఎక్కడ మోగితే అక్కడికి పోతున్నారు. అడగడానికి మనిషి కూడా తగ్గాడని నేననేది అందుకే.

మెట్రోను మెచ్చుకోకుండా ఉండలేను. 2017 నవంబరులో మొదలైన కొత్తలో మా అమ్మాయి ఒకసారి అమీర్‌పేట దాకా తీసుకెళ్ళింది. తర్వాత ఒక్కదాన్నే వెళ్ళాను, ఎవర్నీ అడగలేదు. ఎర్ర లైను, నీలం లైను, పచ్చ లైను. బాణం గుర్తులు, తెలుగులో పేర్లు. వచ్చే స్టేషనేదో, తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో ముందే చెప్తారు. అందులో తప్పిపోవాలంటే కష్టపడాలి. 2025 మేలో చార్జీ పెంచారు. ఎక్కువలో ఎక్కువ 60 ఉన్నది 75 చేసి, జనం గొడవ పెట్టాక పది శాతం తగ్గించారు. అది వేరే పేచీ, దానికి వేరే ఉత్తరాలు మీకు వచ్చే ఉంటాయి. నా మాట ఏమిటంటే, మెట్రో ఎక్కేవాళ్ళకు దారి రాసిపెట్టాలని తోచింది. బస్సెక్కేవాళ్ళకు ఎందుకు తోచదు? చదువుకున్నవాళ్ళకు బాణం గుర్తులు, చదువు తక్కువైన వాళ్ళకు జ్ఞాపకశక్తా?

2018లో ఖైరతాబాద్‌లో ఏసీ బస్టాపు పెట్టినప్పుడు మా ఆయన నన్ను ఆటోలో పనిగట్టుకుని తీసుకెళ్ళి చూపించాడు. లోపల కూర్చుని చల్లగా ఐదు నిమిషాలు గడిపి వచ్చాం. బస్సెక్కే పని మాకు లేదు మరి! నాకు ఏసీ వద్దు. కుర్చీ కూడా వద్దు, మూట మీద కూర్చుంటాను.

నంబరు బోర్డు ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. బస్సు ఎక్కడ ఆగాలో అది చెప్తుంది. ఇప్పుడు బస్టాపు ఉన్నది ఒక చోట, బస్సు ఆగేది ఇంకో చోట. షెల్టరు ముందు బండ్లు, పక్కన జ్యూసు బండి, డ్రైవరు పాపం ఎక్కడ ఆపుతాడు? రోడ్డు మధ్యలో ఆపితే మేమంతా పరుగు. మోకాళ్ళ నొప్పులున్న నాలాంటివాళ్ళు చేరేలోపు "రైట్ రైట్" అయిపోతుంది. మొన్న వేసవిలో కోఠిలో నేను ఎప్పుడూ ఎక్కే చోట గంటా పావు నిలబడ్డాను. ఒక్క బస్సూ ఆగలేదు. కాలేజీ పిల్ల ఒకతె వచ్చి, "ఆంటీ, ఇక్కడ ఆపట్లేదు, ఆ మలుపు అవతల ఆపుతున్నారు" అంది. స్టాపు మార్చినవాళ్ళు ఒక అట్టముక్క మీద బాణం గీసి స్తంభానికి కట్టి ఉంటే ఎంత పని? నాకన్నా ముందు నుంచి అక్కడ నిలబడ్డ ముసలాయన ఒకడున్నాడు, గులాబీ పూల బుట్టతో. పూలు అప్పటికే తలలు వాల్చాయి. ఆయన మలుపు వైపు నడుస్తూ ఒక్క మాటా అనలేదు, నేనే ఇద్దరి బదులూ తిట్టాను.

ఇక బస్సు మీది బోర్డు సంగతి. పాత బస్సులకు నంబరు రంగుతో రాసుండేది, దుమ్ము పట్టినా అక్కడే ఉండేది. కొత్త వాటికి లైట్ల బోర్డులు. పేర్లు ఒక క్షణం ఇంగ్లీషు, ఒక క్షణం తెలుగు. ఎండ ఎదురుగా ఉంటే రెండూ కనపడవు. కంటి దవాఖానకు పోయే అవ్వ దాన్ని ఎలా చదువుతుంది? కనీసం నంబరొక్కటి కదలకుండా పక్కన పెద్దగా రాయించొచ్చు.

మళ్ళీ ఉప్పల్ దగ్గరికి వస్తాను, చెప్పాల్సిన అసలు సంగతి అక్కడే మిగిలింది. ఆ రోజు అవ్వ బస్సెక్కి వెళ్ళాక, చాక్ ఇంకా నా చేతిలోనే ఉంది. షెల్టరు వెనక ఒక పాత సిమెంటు గోడ ఉంది. చుట్టూ చూసి, ఆ గోడ మీద "113ఎం – మెహిదీపట్నం, సరోజినీ దవాఖాన" అని రాశాను. దాని కింద నాకు తెలిసిన ఇంకో రెండు నంబర్లు. అక్షరాలు జాకెట్టు మీద కుట్టు గుర్తుల్లా సన్నగా వచ్చాయి, కానీ చదవొచ్చు. నలభై తొమ్మిదేళ్ళ వయసులో గోడ మీద రాతలు రాస్తున్నానని కాస్త సిగ్గేసింది కూడా.

వారం తర్వాత ఆ పక్కకు వెళ్ళి చూస్తే, నేను రాసిన మూడు లైన్ల కింద ఇంకో ఐదు లైన్లున్నాయి. రెండు బొగ్గుతో, రెండు స్కెచ్ పెన్నుతో. ఒకటి ఇటుక పెంకుతో, ఉర్దూలో. నేను రాసిన రెండో నంబరు తప్పట, ఎవరో కొట్టేసి పక్కన సరైనది రాశారు. వాళ్ళెవరో నాకు తెలీదు. ఇద్దరు ఆడవాళ్ళు పిల్లాణ్ణి ఎత్తుకుని ఆ గోడ ముందు నిలబడి చదువుతున్నారు. నేను ఏమీ తెలియనట్టు పక్కన నిలబడి విన్నాను. ఒకామె వేలు పెట్టి ఒక్కో లైను చూపిస్తూ, కావాల్సిన నంబరు దొరకగానే "ఇగో, ఉంది" అంది.

ఆ తర్వాతి వానకు మొత్తం కొట్టుకుపోయింది. ఉర్దూ లైను ఒక్కటి మసకగా మిగిలింది, ఇటుక పెంకు కదా.

ఈసారి అరలీటరు ఆయిల్ పెయింటు కొన్నాను, నల్లది. మా ఆయన అడ్డా దగ్గర నంబర్ ప్లేట్లు రాసే పెయింటరు బ్రష్షు ఇస్తానన్నాడు, అక్షరాలు వంకర రాకుండా ముందు చాక్‌తో గీసుకోమని కిటుకు కూడా చెప్పాడు. ఆ పని నాకు కొత్తగా నేర్పాలా! మా అమ్మాయి మాత్రం గోడ మీద పెయింటుతో రాస్తే కేసు పెడతారని భయపెడుతోంది. నిజంగా పెడతారా? మీకు తెలిస్తే పేపర్లో రెండు లైన్లు వెయ్యండి. ఆ రాసే పని ఎవరిదో వాళ్ళు మీ పేపరు చదివి ముందే రాయించేస్తే ఇంకా మంచిది, ఈ పెయింటు మా గేటుకు వేసుకుంటాను.

ఇట్లు,
జాకెట్లు కుట్టే ఒక పాఠకురాలు,
రామంతాపూర్, హైదరాబాద్.